హైఫా చరిత్ర సంఘం, మేజర్ దల్పత్ సింగ్: ఒక రౌతు స్మృతి, ఒక నగరం చేసుకున్న దిద్దుబాటు

ఇజ్రాయెల్ ఉత్తర తీరాన, కార్మెల్ కొండ పాదాల దగ్గర మధ్యధరా సముద్రాన్ని ఆనుకొని ఉన్న రేవుపట్టణం హైఫా. ఆ ఊరి గతాన్ని పరిశోధించి, ఆధారాలు కూర్చి, ప్రచురించే స్థానిక సంస్థ హైఫా చరిత్ర సంఘం. మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఘట్టంలో, 1918 సెప్టెంబరు 23న, ఈ పట్టణం ఒట్టోమన్ సామ్రాజ్యం చేజారింది. పట్టణంలోకి దూసుకెళ్లి దాన్ని పట్టుకున్నవారు భారతీయ సంస్థానాల రౌతులు. ఆ దాడిలో ప్రాణాలు కోల్పోయిన మేజర్ ఠాకూర్ దల్పత్ సింగ్‌ను ఇవాళ ‘హైఫా వీరుడు’ అంటున్నారు. సైనిక వీరులకు పూజ చేసే సంఘాలు లోకంలో చాలా ఉన్నాయి. హైఫా సంఘం ప్రత్యేకత వేరు. అది కొత్త వీరుణ్ణి సృష్టించలేదు, మరుగున పడిన రహస్యపత్రాన్నీ బయటపెట్టలేదు. యుద్ధ చరిత్ర గ్రంథాల్లోనూ, పటాలాల ఆనవాయితీల్లోనూ ఎనిమిది, తొమ్మిది దశాబ్దాలుగా ఉన్న సమాచారాన్ని తన ఊరి ప్రజల జ్ఞాపకంలోకి తెచ్చింది. స్థానిక చరిత్ర సంఘం చేయగల అసలు సేవ ఇదేనని, అయితే ఒక్క వీరుడి చుట్టూ అల్లుకున్న స్మృతికి పరిమితులు ఉంటాయని, వాటిని దిద్దే బాధ్యత కూడా ఆ సంఘాల మీదే ఉంటుందని ఈ వ్యాసం వాదిస్తుంది.

సంస్థానాల సేనలు, పదిహేనో బ్రిగేడు

దల్పత్ సింగ్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో నేరుగా చేరిన అధికారి కాదు. 1880ల చివర వైస్రాయి డఫరిన్ కాలంలో రూపుదిద్దుకున్న ‘ఇంపీరియల్ సర్వీస్’ ఏర్పాటు కింద, కొన్ని సంస్థానాలు తమ ఖర్చుతో పటాలాలను పోషించి, అవసరమైనప్పుడు సామ్రాజ్యానికి అప్పగించేవి. వాటికి అధికారులు సంస్థానాలవారే. శిక్షణ చూసేందుకు, సలహా ఇచ్చేందుకు బ్రిటిష్ అధికారులు ఉండేవారు. సర్ ప్రతాప్ సింగ్ చొరవతో జోధ్‌పూర్‌లో ఏర్పడిన ‘సర్దార్ రిసాలా’ ఇలాంటి దళమే. అది 1900లో చైనాకు, 1914లో ఫ్రాన్సుకు వెళ్లింది. ఫ్రాన్సులో జోధ్‌పూర్ లాన్సర్లు సికింద్రాబాదు అశ్విక బ్రిగేడులో పనిచేశారు. హైదరాబాదు కంటింజెంటు వారసత్వం గల దక్కన్ హార్స్ కూడా ఆ బ్రిగేడులో భాగమే. కందకాల యుద్ధంలో గుర్రాలకు పని తక్కువ. రౌతులు గుర్రాలు దిగి కాలిబంటుల్లా కందకాల్లో కూర్చోవలసి వచ్చింది. 1918 మొదట్లో ఈ దళాన్ని ఈజిప్టుకు తరలించాక పరిస్థితి మారింది. పాలస్తీనా మైదానాల్లో గుర్రం ఇంకా పనికొచ్చే ఆయుధమే.

అక్కడ జోధ్‌పూర్ రౌతులు చేరిన పదిహేనో ఇంపీరియల్ సర్వీస్ అశ్విక బ్రిగేడు పాత దళం. నిజాం పంపిన హైదరాబాదు లాన్సర్లు, మైసూరు లాన్సర్లు 1914 నుంచీ అందులో ఉన్నారు. 1915లో సూయజ్ కాలువను రక్షించిన సేనల్లో వారూ ఉన్నారు. ఈ బ్రిగేడును బ్రిటిష్ అధికారి బ్రిగేడియర్ జనరల్ సి.ఆర్. హార్బర్డ్ నడిపించాడు. అది అయిదో అశ్విక డివిజనులో భాగం, ఆ డివిజను జనరల్ షావెల్ ఆధ్వర్యంలోని డెజర్ట్ మౌంటెడ్ కోర్‌లో భాగం, అందరి పైనా జనరల్ ఆలన్‌బీ. 1918 వసంతంలో పశ్చిమ రంగంలో జర్మన్లు విరుచుకుపడటంతో ఆలన్‌బీ దగ్గరి బ్రిటిష్ పటాలాలను పెద్దసంఖ్యలో ఫ్రాన్సుకు పంపి, వాటి స్థానంలో భారతీయ పటాలాలను నింపారు. కాబట్టి ఆ సెప్టెంబరులో పాలస్తీనాలో పోరాడిన ‘బ్రిటిష్ సేన’లో పెద్ద భాగం పంజాబు, రాజస్థాన్, దక్కన్, నేపాల్ ప్రాంతాల మనుషులు. హైఫా విషయంలో తర్వాత జరిగిన మరుపుకు మూలం ఈ నిర్మాణంలోనే ఉంది. ఆజ్ఞలిచ్చిన పేర్లు ఒక దేశానివి, ఆజ్ఞ పాటించిన ప్రాణాలు మరో దేశానివి. నగరాల చరిత్ర పుస్తకాలు సాధారణంగా ఆజ్ఞ ఇచ్చినవారి పేరే రాసుకుంటాయి.

1918 సెప్టెంబరు 23

సెప్టెంబరు 19న మొదలైన మెగిద్దో యుద్ధంలో ఒట్టోమన్ సైన్యశ్రేణి తెగిపోయింది. అశ్వికదళాలు ఆ సందులోంచి దూరి వెనక భాగానికి చేరాయి. హైఫా పట్టుబడితే ఉత్తరంగా డమాస్కస్, బీరూట్ వైపు కదిలే సేనలకు సముద్రం మీదుగా సరుకు దింపుకొనే వీలు దొరుకుతుంది. నేటి లోతైన ఓడరేవు 1933లో వచ్చింది. అప్పటి హైఫా బహిరంగ రేవే. అయినా హెజాజ్ రైలు మార్గపు శాఖ 1905 నుంచి అక్కడికి వస్తోంది కనుక ఆ ఊరికి విలువ ఉంది. శత్రువు పట్టణం ఖాళీ చేశాడన్న తప్పుడు సమాచారంతో 22న కవచ మోటారు కార్లు అటు వెళ్లాయి. కాల్పులు ఎదురై వెనుదిరిగాయి. దాంతో మరునాడు అయిదో డివిజను కదిలింది. ఒక బ్రిగేడు అక్రా వైపు, పదిహేనో బ్రిగేడు హైఫా వైపు.

ఆ నేల దాడి చేసేవాడికి ప్రతికూలం. ఎడమ పక్కన నిటారుగా లేచే కార్మెల్ కొండ, దాని మీద ఆస్ట్రియన్ సిబ్బంది నడిపే ఫిరంగులు. కుడి పక్కన కిషోన్ ఏరు, దాని బురద గట్లు. మధ్యలో ఇరుకు దారి, దానిని కాచుకొని మరతుపాకులు. హార్బర్డ్ పథకంలో ఒకదానిమీద ఒకటి ఆధారపడే అంగాలు ఉన్నాయి. మైసూరు లాన్సర్ల ఒక స్క్వాడ్రను మరతుపాకులతో కొండెక్కి ఫిరంగుల మీద పడాలి. దానికి తోడు బ్రిటిష్ షెర్‌వుడ్ రేంజర్ల స్క్వాడ్రనును పంపారు. ఆనరబుల్ ఆర్టిలరీ కంపెనీ బ్యాటరీ దూరం నుంచి గుళ్లు కురిపించాలి. మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలో జోధ్‌పూర్ లాన్సర్లు నేరుగా దాడికి దిగాలి. రౌతులు కిషోన్ వైపు కదలగానే ముందు వెళ్లి నేల చూస్తున్న గుర్రాలు ఊబిలో దిగబడ్డాయి. అక్కడ ఆగి ఉంటే దళం మొత్తం కాల్పులకు లక్ష్యమయ్యేది. కాబట్టి దాడి దిశ అప్పటికప్పుడే ఎడమకు తిరిగింది. రౌతులు కొండ దిగువ వాలు మీదుగా దూసుకెళ్లి మరతుపాకుల స్థావరాలను పట్టి, దారి తెరుచుకోగానే పట్టణ వీధుల్లోకి ప్రవేశించారు. మైసూరు రౌతులు కొందరు వేరే వైపు నుంచి పట్టణాన్ని చేరారు.

ఫలితం ఆశ్చర్యకరం. 1,350 మంది ఖైదీలు, 17 ఫిరంగులు, 11 మరతుపాకులు చిక్కాయి. బ్రిగేడు వైపు చనిపోయినవారు పదిమందికి మించలేదు, గాయపడినవారు 34 మంది. గుర్రాల నష్టం మాత్రం భారీ. సుమారు 60 చనిపోయాయి, 80కి పైగా గాయపడ్డాయి. 1930లో వెలువడిన బ్రిటిష్ అధికార యుద్ధ చరిత్రలో సిరిల్ ఫాల్స్, ఆ స్థాయి అశ్విక చర్యల్లో ఈ యుద్ధరంగం మొత్తం మీద ఇంతకన్న విశేషమైనది జరగలేదన్న అర్థంలో రాశాడు. ఈ అంకెలు గమనిస్తే దాడి విజయానికి కారణం ధైర్యం ఒక్కటే కాదని తెలుస్తుంది. వేగం కారణంగా మరతుపాకుల గురి చెదిరింది. ఫిరంగుల అండ దొరికింది. కొండ మీది బ్యాటరీ సరిగ్గా ఆ సమయంలోనే పని మానేసింది. అప్పటికి నాలుగు రోజులుగా వెనక్కి పరుగెత్తుతున్న సైన్యం ధైర్యం సడలింది. గుర్రాలు ఎక్కువగా చనిపోవడమే గుళ్లు నిజంగా పడ్డాయనడానికి సాక్ష్యం. మనుషులు తక్కువగా చనిపోవడం పథకం ఫలించిందనడానికి సాక్ష్యం.

దల్పత్ సింగ్: రికార్డు, కథ

జోధ్‌పూర్ రాజ్యంలోని దేవళి ఠాకూర్ల కుటుంబానికి చెందిన దల్పత్ సింగ్, మిలిటరీ క్రాస్ పొందిన అధికారి. హైఫాకు ముందే, 1918 జులై 14న జోర్డాన్ లోయలో తురుష్క అశ్వికదళం మీద జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు జరిపిన దాడిలోనూ అతను ముందు నిలిచాడు. సెప్టెంబరు 23న దాడి తొలి ఘడియల్లోనే తగిలిన గాయంతో చనిపోయాడు. దళాన్ని కెప్టెన్ అమన్ సింగ్ బహాదుర్ ముందుకు నడిపించాడు. అతనికీ, దఫాదారు జోర్ సింగ్‌కూ ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్, కెప్టెన్ అనూప్ సింగ్‌కూ సెకండ్ లెఫ్టినెంట్ సగత్ సింగ్‌కూ మిలిటరీ క్రాస్ దక్కాయి. ఈ నాలుగు పేర్లు స్మారక సభల్లో వినిపించినా ప్రజల నోట నిలిచింది దల్పత్ సింగ్ పేరే. దానికి కారణం ఊహించడం కష్టం కాదు. నడిపించిన దళం గెలిచిన రోజునే చనిపోయిన అధికారి కథ చెప్పడానికి అమరుతుంది. గెలిచి బతికిన అమన్ సింగ్ కథ సైనిక నివేదికలా మిగిలిపోతుంది.

కథ పెరిగిన కొద్దీ రికార్డు పక్కకు జరిగింది. హైఫా గురించి ప్రచారంలో ఉన్న రాతల్లో మూడు పొరపాట్లు తరచు కనిపిస్తాయి. మొదటిది మృతుల సంఖ్య. ఇజ్రాయెల్ అంతటా ఉన్న శ్మశానవాటికల్లో సుమారు 900 మంది భారతీయ సైనికుల స్మృతి ఉందని చెబుతారు. ఆ మొత్తం వివిధ పోరులకు, వ్యాధులకు సంబంధించినది. దాన్ని హైఫాలో ఒక్క మధ్యాహ్నం నేలకూలినవారి లెక్కగా తిరగరాసేవారు ఉన్నారు. రెండోది, ఇది ప్రపంచ చరిత్రలో చివరి అశ్విక దాడి అనే మాట. నెల రోజుల తర్వాత, అక్టోబరు 26న, అలెప్పో దగ్గర హరితాన్ వద్ద ఇవే జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు మళ్లీ దాడి చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్, ఇటలీ రౌతులు కూడా దాడులు చేశారు. మూడోది, ఈటెలు మాత్రమే మరతుపాకులను గెలిచాయన్న చిత్రణ. ఫిరంగి దళం, మైసూరు వారి మరతుపాకులు, ముందురోజు మోటారు కార్లు వెనుదిరగడం నుంచి నేర్చుకున్న పాఠం, ఇవన్నీ ఆ చిత్రంలో కనబడవు. ఈ దిద్దుబాట్లు దల్పత్ సింగ్‌ను తక్కువ చేయవు. ఊబి కనబడగానే దిశ మార్చి, మరతుపాకుల మీదికి వెళ్లిన నిర్ణయం విలువ అంకెలు పెంచితేనే తెలిసేది కాదు.

సంఘం చేసిన పని

ఈ యుద్ధాన్ని అందరూ మరచిపోయారనడం సరికాదు. భారత సైన్యం మరవలేదు. పూర్వ సంస్థానాల అశ్వికదళాలను కలిపి 1953లో ఏర్పరచిన 61వ కావల్రీ, సెప్టెంబరు 23ను హైఫా దినంగా పాటిస్తుంది. ఢిల్లీ కూడా మరవలేదు. శిల్పి లెనార్డ్ జెన్నింగ్స్ రూపొందించిన మూడు కంచు రౌతుల స్మారకం 1922 నుంచీ అక్కడ ఉంది. తీన్‌మూర్తి భవన్ పేరు దాని నుంచే వచ్చింది. లండన్‌లో పుస్తకాలున్నాయి. 1921లో ప్రెస్టన్ రాసిన డెజర్ట్ మౌంటెడ్ కోర్ చరిత్ర, 1930లో ఫాల్స్ రాసిన అధికార చరిత్ర హైఫా పోరును వివరంగా చెప్పాయి. మరచింది హైఫానే. బ్రిటిష్ మాండేటు కింద 30 ఏళ్లు గడిపిన ఆ పట్టణంలో, తర్వాత ఇజ్రాయెల్ దేశపు బడిపుస్తకాల్లో, 1918లో ఊరిని విముక్తం చేసినవారు ‘బ్రిటిష్‌వారు’ అనే పాఠం స్థిరపడింది. అది పచ్చి అబద్ధం కాదు. పైస్థాయి ఆజ్ఞ బ్రిటిష్‌దే. అయితే అది సగం నిజం. వీధుల్లోకి గుర్రాల మీద వచ్చినవారి ముఖాలు ఆ పాఠంలో లేవు.

హైఫా చరిత్ర సంఘం చేసిన పని ఈ సగం నిజాన్ని పూర్తిచేయడం. నగర చరిత్ర పరిశోధనలో భాగంగా 1918 నాటి ఆధారాలను పరిశీలించి, పట్టణాన్ని పట్టుకున్న దళాలు భారతీయులవని నిర్ధారించి, ఆ విషయాన్ని నగరపాలక సంస్థ ముందు పెట్టింది. నగర మేయరు యోనా యహావ్ 2025 సెప్టెంబరులో జరిగిన స్మారక సభలో ఇదే చెప్పారు. హైఫాలోనే పుట్టి చదువుకున్న తనకు బ్రిటిష్‌వారి పేరే నేర్పారని, చరిత్ర సంఘం వారు పరిశోధన ఫలితాలతో వచ్చాకే నిజం తెలిసిందని, నగర పాఠశాలల్లో పాఠాలను మారుస్తున్నామని ఆయన మాటల సారం. పాఠ్యాంశాల్లో భారతీయ సైనికుల ప్రస్తావన చేర్చే నిర్ణయం గురించి 2012లోనే వార్తలు వచ్చాయి. భారత రాయబార కార్యాలయం, నగరపాలక సంస్థ కలిసి ఏటా సెప్టెంబరులో హైఫాలోని భారతీయ శ్మశానవాటికలో నివాళి సభ జరుపుతున్నాయి. 2017 జులై 6న భారత ప్రధాని నరేంద్ర మోదీ అక్కడ దల్పత్ సింగ్ స్మారక ఫలకాన్ని ఆవిష్కరించారు. 2018 జనవరి 14న ఇజ్రాయెల్ ప్రధాని బెంజమిన్ నెతన్యాహు ఢిల్లీకి వచ్చిన సందర్భంలో తీన్‌మూర్తి కూడలికి ‘తీన్‌మూర్తి హైఫా చౌక్’ అని పేరు పెట్టారు.

ఈ వరుసలో సంఘం పాత్ర ప్రభుత్వాల పాత్రకు ముందు వస్తుంది. ప్రధానులు ఫలకం ఆవిష్కరించగలరు, కూడలి పేరు మార్చగలరు. పాఠశాలలో టీచరు ఏం చెప్పాలో మార్చడానికి మాత్రం ఆ ఊరివాళ్లే, ఆ ఊరి చరిత్ర మీద అధికారంతో మాట్లాడగలవాళ్లే కావాలి. పరాయి దేశపు రాయబారి ‘మీ ఊరిని మావాళ్లు పట్టుకున్నారు’ అంటే అది దౌత్యం. అదే మాట ఊరి చరిత్రకారుడు అంటే అది చరిత్ర. సమాచారం ఎక్కడో అచ్చయి ఉండటం వేరు, అది సంబంధించినవారి జ్ఞాపకంలో ఉండటం వేరు. ఈ రెంటి మధ్య దూరాన్ని దాటించేవారే స్థానిక చరిత్ర సంఘాల సభ్యులు. వారికి బడ్జెట్లు తక్కువ, బిరుదులు తక్కువ. ఊరి వీధుల పేర్లు, కొండవాలు, రైలుపట్టాల దారి తెలిసినవారు కావడమే వారి బలం. 1918 నాటి యుద్ధ పటాన్ని నేటి నగరం మీద పరిచి, ఫలానా చోట దాడి మలుపు తిరిగిందని చూపగలిగేది వారే.

అభ్యంతరాలు

ఈ స్మృతి మీద గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, దల్పత్ సింగ్ పోరాడింది ఎవరి కోసం? తన దేశాన్ని ఏలుతున్న సామ్రాజ్యం కోసం. హైఫా పట్టుబడిన ఏడు నెలలు తిరగకముందే, 1919 ఏప్రిల్ 13న, అదే సామ్రాజ్యం జలియన్‌వాలాబాగ్‌లో నిరాయుధుల మీద కాల్పులు జరిపింది. మొదటి యుద్ధంలో సుమారు 74,000 మంది భారతీయ సైనికులు ప్రాణాలు ఇచ్చినా, స్వపరిపాలన ఆశించినవారికి దక్కింది రౌలట్ చట్టం. ఇలాంటి సేవను గొప్పగా చెప్పుకోవడం బానిసత్వాన్ని పొగడటం కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు సైనికుణ్ణి సామ్రాజ్యం నుంచి వేరుచేసి చూడటంలో లేదు. అది సాధ్యం కాదు. అతని రాజు సామ్రాజ్యంతో కుదుర్చుకున్న ఒప్పందం, రాజపుత్ర సైనిక గౌరవ సంప్రదాయం, జీతం, పతకం, ఇవన్నీ కలిసే అతణ్ణి హైఫా దాకా తెచ్చాయి. ఆ పరిస్థితిని దాచకుండా చెప్పి, అందులో అతను చేసిన పనిని నమోదు చేయడమే నిజాయితీ. చరిత్ర పుస్తకంలో అతని స్థానంలో ‘బ్రిటిష్‌వారు’ అని రాయడం సామ్రాజ్యాన్ని ఖండించడం కాదు. సామ్రాజ్యం చేసిన తుడిచివేతను కొనసాగించడం.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. 1918లో హైఫా నిజంగా విముక్తి పొందిందా? అప్పటి పట్టణంలో అరబ్ ముస్లింలు, క్రైస్తవులు, యూదులు, 1869 నుంచి స్థిరపడిన జర్మన్ టెంప్లర్లు, బహాయీలు ఉన్నారు. ఒట్టోమన్ అధికారి జమాల్ పాషా బెదిరింపుల నీడలో ఉన్న బహాయీ మతనాయకుడు అబ్దుల్ బహాకు ఆ రోజు ఊరట కలిగింది. యుద్ధకాలపు కరువుతో నలిగిన ప్రజలకు ఉపశమనం దొరికింది. అయితే హైఫా, అక్రాలు బ్రిటన్‌కు చెందాలని 1916లోనే బ్రిటన్, ఫ్రాన్సుల మధ్య కుదిరిన సైక్స్-పికో ఒప్పందంలో రాసుకున్నారు. 1917లో, పాలస్తీనాలో యూదుల జాతీయ నివాసానికి బ్రిటన్ మద్దతు తెలిపిన బాల్ఫోర్ ప్రకటన వెలువడింది. ఆ ఊరివారిని అడిగి తీసుకున్న నిర్ణయాలు కావవి. 1948లో హైఫా అరబ్ నివాసుల్లో అత్యధికులు ఊరు విడవవలసి వచ్చింది. ఈ చరిత్ర అంతటికీ జోధ్‌పూర్ రౌతులు బాధ్యులు కారు. అలాగని, వారు తెచ్చింది అందరికీ ఒకే అర్థంలో స్వేచ్ఛ అని చెప్పడం కూడా సరికాదు. ‘పట్టుకున్నారు’ అన్న నిరాడంబరమైన మాట ఇక్కడ ‘విముక్తం చేశారు’ కన్నా చరిత్రకు దగ్గరగా ఉంటుంది. నగర చరిత్ర సంఘం ఆ రోజును ఊరి అన్ని వర్గాల కోణం నుంచి చెబితే దాని పరిశోధన మరింత బలపడుతుంది.

మూడో అభ్యంతరం దౌత్యం గురించి. భారత, ఇజ్రాయెల్ దేశాల మధ్య పూర్తిస్థాయి దౌత్యసంబంధాలు 1992లోనే మొదలయ్యాయి. ఈ శతాబ్దంలో అవి గాఢమైన కొద్దీ హైఫా స్మృతి కూడా ఊపందుకుంది. కాబట్టి ఇది చరిత్ర కాదు, రాజకీయ అవసరానికి వెలికితీసిన కథ అని కొందరంటారు. సమయం విషయంలో వారి మాట తప్పు కాదు. స్మారకాలు ఎప్పుడూ అవి కట్టిన కాలపు అవసరాలను మోస్తాయి. తీన్‌మూర్తి కూడా 1922లో సంస్థానాధీశుల విధేయతను చాటడానికే నిలబెట్టిన స్మారకం. అయితే ఒక విషయాన్ని ఎందుకు గుర్తుచేస్తున్నారన్నది ఒక ప్రశ్న, అది నిజమా కాదా అన్నది మరో ప్రశ్న. హైఫా పోరు వివరాలు ఈ స్నేహానికి దశాబ్దాల ముందే అచ్చయ్యాయి. రాజకీయం వాటిని సృష్టించలేదు, వెలుగులోకి తెచ్చింది. సభల ఉత్సాహంలో అంకెలు పెరిగి, బ్రిటిష్ బ్యాటరీ, ఆస్ట్రియన్ ఫిరంగులు, అరబ్ నివాసులు తెర వెనక్కి పోయే ప్రమాదం మాత్రం నిజమైనది. దాన్ని అడ్డుకోగలిగేది ప్రభుత్వాలు కాదు, ఆధారాల దగ్గర కూర్చునే సంఘాలే.

హైదరాబాదు రౌతు ఎక్కడ?

ఒక్క వీరుడి చుట్టూ నడిచే స్మృతి ఏం వదిలేస్తుందో తెలుసుకోవడానికి తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ ఉంది. తీన్‌మూర్తిలోని ముగ్గురు రౌతులు జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాదు దళాల ప్రతినిధులు. అందుచేత మూడు దళాలూ హైఫా మీద దాడి చేశాయని రాయడం పరిపాటి అయింది. నిజానికి ఆ స్మారకం హైఫాది మాత్రమే కాదు. 1914 నుంచి 1919 వరకు సినాయ్, పాలస్తీనా, సిరియాలలో బ్రిగేడు కోల్పోయినవారందరిదీ. హైఫా దాడిలో హైదరాబాదు లాన్సర్లు లేరు. అంతకు ముందు రోజుల్లో చిక్కిన ఖైదీలను వెనక్కి చేర్చే పని వారికి పడింది. ఈ సంగతి చెబితే మన ఊరి గౌరవం తగ్గుతుందనుకునేవారు ఉండవచ్చు. వేల సంఖ్యలో ఖైదీలు పోగవుతున్న ఆ వారంలో, వారిని నీళ్లు లేని దారిలో నడిపించి, తిరగబడకుండా, చావకుండా చూడటం చిన్న పనేమీ కాదు. దానికి పతకాలు రావు, పాటలు పుట్టవు. యుద్ధం మాత్రం అలాంటి పనుల మీదే నడుస్తుంది. ఆ దళం నాలుగేళ్ల ఎడారి సేవ తీన్‌మూర్తిలోని మూడో విగ్రహాన్ని పూర్తిగా సంపాదించుకుంది. హైఫా అందులో ఒక్క రోజు.

మైసూరు విషయంలో అన్యాయం ఇంకొంచెం సూటిగా కనిపిస్తుంది. వారు హైఫాలో ఉన్నారు, కొండెక్కి ఫిరంగులను పట్టారు, పట్టణంలో ప్రవేశించారు. బెంగళూరు జె.సి. నగర్‌లో వారి స్మారక స్తంభం ఉంది. ఫిరంగులు మూగబోకపోతే మైదానంలో జోధ్‌పూర్ రౌతుల దాడి ఎలా ముగిసేదో చెప్పలేం. అయినా హైఫా పేరు ఎత్తగానే వినబడేది ఒక్క పేరు. హైదరాబాదులో ‘ఫస్ట్ లాన్సర్’ అనే పేట ఇప్పటికీ ఉంది. నిజాం అశ్వికదళం నివాసం నుంచి పుట్టిన పేరది. ఆ వీధుల్లో నడిచేవారిలో ఎంతమందికి ఆ దళం సూయజ్ కాలువ గట్టున, పాలస్తీనా ఎడారిలో పనిచేసిందన్న ఎరుక ఉంటుంది? హైఫాలో జరిగినట్టు ఇక్కడ కూడా సమాచారం ఉంది. యుద్ధ చరిత్రల్లో, నిజాం కాలపు రికార్డుల్లో, ఊరి పేర్లలో ఉంది. దాన్ని ప్రజల జ్ఞాపకంలోకి చేర్చే పని మిగిలి ఉంది.

మూల్యాంకనం

హైఫా చరిత్ర సంఘం విజయాన్ని సభలకు వచ్చిన మంత్రుల సంఖ్యతోనో, ఫలకాల సంఖ్యతోనో కొలిస్తే దాని విలువ సగమే తెలుస్తుంది. ఒక నగరం తన గురించి తాను చెప్పుకునే మాటను సాక్ష్యం చూసి మార్చుకునేలా చేయడం దాని అసలు విజయం. ఆ మార్పులో దల్పత్ సింగ్ పేరు ప్రవేశద్వారం. పేరు లేని దళాన్ని గుర్తుంచుకోవడం బడిపిల్లవాడికి కష్టం, పేరున్న మనిషిని గుర్తుంచుకోవడం సులువు. ఆ ద్వారం దగ్గరే ఆగిపోతే మాత్రం సంఘం పని వీరగాథగా మిగులుతుంది. ద్వారం దాటి లోపలికి వెళ్తే అమన్ సింగ్, జోర్ సింగ్, కొండెక్కిన మైసూరు రౌతులు, ఖైదీలతో వెనక్కి నడిచిన హైదరాబాదు రౌతులు, గుళ్లు నింపిన బ్రిటిష్ ఫిరంగి సిబ్బంది, ఎదుటి పక్షాన నిలిచిన తురుష్క, జర్మన్, ఆస్ట్రియన్ సైనికులు, ఎవరి పాలన వస్తుందో తెలియక తలుపులు వేసుకున్న ఊరివారు, అందరూ కనిపిస్తారు. స్థానిక చరిత్ర సంఘానికి పరీక్ష ఇదే. ఇతరులు చెప్పిన సగం నిజాన్ని దిద్దడానికి అది చూపిన పట్టుదలను, తాను గౌరవించే వీరుడి కథలో చేరిన అతిశయాన్ని దిద్దడానికి కూడా చూపాలి. బ్రిటిష్‌వారి పేరు పక్కన భారతీయుల పేరు చేర్చిన పరిశోధన పద్ధతే, 900ను పదికి లోపు అంకెగా సరిచేయమని, ఒక్క పేరు పక్కన మిగిలిన పేర్లు రాయమని కోరుతుంది. ఆ కోరికను మన్నించే సంఘం చేతుల్లో దల్పత్ సింగ్ స్మృతి రెండు ప్రభుత్వాల స్నేహం కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది, ఎందుకంటే దాని కింద ఉన్నది పొగడ్త కాదు, ఎవరైనా సరిచూసుకోగల రికార్డు.